ఊపిరి మీద పేరు

నమోదు 31

గాలి షెడ్డు లాగ్‌లో ఒత్తిడి, దుమ్ము మోతాదు, ఫిల్టర్లు మార్చిన ఇంటి పేరు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టిన పెద్దమనుషులు దీన్ని ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. కాబట్టి నాకు తోచింది రాస్తాను.

ఒత్తిడి మామూలు. దుమ్ము ఎక్కువ. ఫిల్టర్లు ఉతికి బిగించే గాలి వంతు కోటమ్మత్త ఇంటివాళ్ళది. పొద్దున ఉతికి బిగించిన గోగునార ఫిల్టర్లు మధ్యాహ్నానికే ఎర్రగా మూసుకుపోయాయి. అంగారకుడి దుమ్ముకి గోగునార ఒక లెక్క కాదని మాకు తెలుసు. తెలిసే వాడుతున్నాం.

సాయంత్రం పట్టణ సభ అధ్యక్షుడు పేర్రాజుగారు షెడ్డుకి వచ్చారు. ఆయన షెడ్డుకి రావడమంటే ఏదో మునిగిందన్నమాటే. శ్వేతశ్వాస కంపెనీ మన ఊరి మీద, అంగారకుడి ఊళ్ళన్నిటికీ పైనున్న సమాఖ్య కోర్టులో కేసు వేసిందని చెప్పారు. మా తీర్మానం చెల్లదట. వాళ్ళ ఫిల్టర్లు కొనబోమనే హక్కు కొత్త కోరంగికి లేదట.

ఆ తీర్మానం ప్రతిపాదించింది నేనే, నాలుగో వీధి సభ్యురాలిగా. అసలు గొడవ మొదలైంది మాత్రం కోటమ్మత్తతో. పోయిన ఏడాది ఆవిడ తన వంతులో శ్వేతశ్వాస ఫిల్టర్ విప్పుతూ దాని మూల మీద గోధుమరంగు మరక చూసింది. అచ్చం పెదవుల ముద్ర. ఇంకో ఫిల్టర్ చూసింది, దాని మీదా ఉంది. ఎవరో మూతి పెట్టిన సరుకు మన ఊరంతా పీలుస్తోందని ఆవిడ వీధి వీధికీ వెళ్ళి చెప్పింది. ఎంగిలి ఫిల్టర్లు మాకొద్దని ఊరంతా సంతకాలు చేసి కంపెనీకి పంపాం. కంపెనీ గొప్పగా జవాబిచ్చింది. భయపడొద్దు, మూడుసార్లు శుద్ధి చేస్తాం, ప్రతి ఫిల్టర్‌నీ సెరెస్‌లో మనిషి ఊపిరితో పరీక్షించడమే మా నాణ్యత అంది.

ఏ మనిషి అని అడిగింది నేను. సెరెస్ అంటే గ్రహశకలాల దారిలో ఉన్న చిన్న లోకం, దాని ప్రభుత్వం దానిది. అక్కడికి ప్రయాణం ఖర్చు తీర్చలేక ఒప్పందంలో చిక్కిన మనుషులను దుమ్ము గదిలో కూర్చోబెడతారు. ఫిల్టర్‌కి నోరు ఆనించి పీల్చమంటారు. దగ్గితే ఫిల్టర్ పనికిరాదు, ఆ మనిషికి ఆ పూట కూలీ లేదు. ఒప్పందం తీరేదాకా ఆ గదులు వదిలి పోకూడదు. సరుకు ఓడల మీద పనిచేసేవాళ్ళు ఇవన్నీ మామూలు సంగతుల్లా చెప్పారు.

మా ముత్తవ్వల ముత్తవ్వలు పాత కోరంగి రేవులో బర్మా ఓడలెక్కిన కూలీలు. ఆ కథ ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు. సెరెస్‌లో పరీక్షించిన ఫిల్టర్లు కొనబోమన్న తీర్మానానికి ఒక్క చెయ్యి కూడా అడ్డు లేవలేదు.

నమోదు 38

ఒత్తిడి కొంచెం తక్కువ. దుమ్ము ఎక్కువ. వంతు మాది.

మాది అంటే నాదే. మా ఆయన భూషణం సొరంగాలు తవ్విన మనిషి. ఈ ఊరి సగం వీధులు ఆయన చేతి మీదుగా తెరుచుకున్నవే. ఇప్పుడు ఛాతీలో ఆ దుమ్మే కూర్చుంది. శ్వేతశ్వాస ఫిల్టర్లు ఉన్నప్పుడు పొద్దున లేచాక ఓ పూట దగ్గేవారు. గోగునార వచ్చాక పూటలన్నీ ఒకటయ్యాయి. తొట్టిలో ఫిల్టర్లు ఉతుకుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, పిండడం సరిగ్గా రాదు నాకని వంక పెడతారు. మాట మధ్యలో దగ్గు వస్తుంది. నేను ఇంకా గట్టిగా పిండుతాను.

ఇది నా తీర్మానం. ఈ దగ్గు కూడా నా తీర్మానమేనా అని నా లోపల ఎవరో అడుగుతూనే ఉంటారు. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వంట మధ్యలో షెడ్డుకి పరిగెత్తుతున్నాను, షెడ్డులో పని మధ్యలో ఇంటికి.

మన తరఫున వాదించడానికి షాహిదా ఒప్పుకుంది. మూడో వీధి పిల్ల, లా చదువుకుని వచ్చింది, మాట పదును. ఓడిపోయే కేసు తీసుకుంటున్నావని పేర్రాజుగారు హెచ్చరించారు. గెలిచే కేసులు ఎవరైనా తీసుకుంటారు కదండీ అంది.

నమోదు 52

ఒత్తిడి మామూలు. ఈరోజు కోర్టు. తెర మీద విచారణ కాబట్టి షెడ్డు పక్క హాల్లోనే జరిగింది. ఊరంతా వచ్చింది. కోటమ్మత్త తన ఉతుకుడు తొట్టి కూడా తెచ్చుకుని వెనక కూర్చుంది.

షాహిదా వాదన ఇంట్లో ఆడవాళ్ళందరికీ అర్థమయ్యేలా ఉంది. సంతలో వంకాయ చేతిలోకి తీసుకుని, చూసి, వద్దని తిరిగి బుట్టలో పెట్టేస్తాం. అది యుద్ధం ప్రకటించడమా? ఊరు కూడా కొనేదే. ఎవరి దగ్గర కొనాలో, ఎవరి దగ్గర వద్దో కొనేవాళ్ళ ఇష్టం. మేం సెరెస్ మీద చట్టం చెయ్యలేదు, మా ఊరి తలుపు మాత్రం వేసుకున్నాం.

కంపెనీ లాయరు అగస్త్యగారు మర్యాదస్తుడు. అదే చిరాకు. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఇల్లాలు తన డబ్బుతో వంకాయ వద్దంటుంది, ఊరు అందరి పన్నులతో ఒక రాజ్యాన్ని శిక్షించాలని చూస్తోందన్నారు. బయటి లోకాలతో వ్యవహారం సమాఖ్యది. దుమ్ము గదుల విషయంలో సెరెస్‌తో చర్చలు జరుగుతున్నాయి, ఎప్పుడు ఎంత బిగించాలో తేల్చే అధికారం తనదేనని సమాఖ్య చట్టం చేసుకుంది. ఈలోగా కొత్త కోరంగిని చూసి ఇంకో పది ఊళ్ళు అదే తీర్మానం చేశాయి. ఊరికో విదేశాంగ మంత్రి ఉంటే సమాఖ్య ఏ గొంతుతో మాట్లాడుతుందని అడిగారు.

ఆ ప్రశ్న సబబుగానే తోచింది. అందుకే ఇంకా మండింది.

ఆ తర్వాత ఆయన మా పాత సంతకాల కాగితం తీశారు. ఈ ఊరివాళ్ళ మొదటి అభ్యంతరం మానవ హక్కుల గురించి కాదు, ఎంగిలి గురించి అని చదివి వినిపించారు. వేరే ఊళ్ళవాళ్ళు తెరల మీద నవ్వారు. కోటమ్మత్త తల దించుకుని తొట్టిలో చేతులు పెట్టుకుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

నమోదు 53

కంపెనీ తమ సాక్షిగా మా ఆయన్ని పిలిచింది.

నోటీసు వచ్చినప్పుడే ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వనని అనుకున్నారట. నిజమే, వెళ్ళనిచ్చేదాన్ని కాదు.

గోగునార ఫిల్టర్ల వల్ల ఊపిరి ఇబ్బంది పెరిగిందా అని అగస్త్యగారు అడిగారు. పెరిగిందండి అన్నారు ఈయన. మీ భార్య ప్రతిపాదించిన తీర్మానం వల్లే కదా అని ఆయన మెత్తగా అడిగారు. హాలంతా నావైపు చూసింది.

"దుమ్ము వల్లండి," అన్నారు ఈయన. కాసేపు దగ్గి, మళ్ళీ అందుకున్నారు. "సొరంగంలో ముందు ఎవరో ఒకడు దిగాలండి. గాలి బాగుందో లేదో చూడ్డానికి. కాంట్రాక్టరు నన్ను దింపేవాడు. నేను దగ్గకపోతే మిగతావాళ్ళు వచ్చేవారు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు చేసే పని నాకు తెలుసండి. అంతే."

అగస్త్యగారు చాలన్నారు. ఆయనకి కావలసింది దొరికింది. ఊపిరి ఇబ్బంది పెరిగింది అన్న మాట రికార్డులోకి ఎక్కింది.

కోర్టులో నిజం చెప్పినందుకు మొగుడి మీద కోపం తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని నేనే కాబోలు. ఇంటికొచ్చి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దాను. ఆయన చెంబుతో నీళ్ళు ఇచ్చి, అబద్ధం చెబితే రేపు నువ్వే నన్ను నమ్మవు తాయారూ అన్నారు. నీళ్ళు తాగాను. కోపం మాత్రం పోలేదు.

నమోదు 70

ఓడిపోయాం.

జడ్జిగారు తీర్పు తనే చదివారు. పెద్దావిడ, కళ్ళజోడు పదేపదే సర్దుకుంటూ చదివారు. మీ కోపం న్యాయమైనదే కానీ మీ అధికారం లేనిచోట అది నిలబడదన్నారు. ఊరు కొనేదిగా మాట్లాడుతూ రాజ్యంలా శిక్షించకూడదు. ఫలానా దేశపు ప్రవర్తన నచ్చక వాళ్ళ సరుకు నిషేధిస్తే అది విదేశాంగ విధానమే, దానికి వంకాయ అని పేరు పెట్టినా సరే. తీర్మానం కొట్టేశారు. వచ్చే టెండరులో శ్వేతశ్వాసకీ సమానంగా అవకాశం ఇవ్వాలి.

చివర్లో ఒక మాట అన్నారు. సరుకు ఎలా ఉండాలో, దాని మీద ఏముండాలో అడిగే హక్కు మాత్రం కొనేవాళ్ళకి ఎప్పుడూ ఉంది, ఎవరు అమ్మినా ఒకే షరతు అయితే చాలు. షాహిదా అప్పుడు తల ఎత్తింది. నేను గమనించాను కానీ ఏమీ అడగలేదు. అప్పటికి నాకు ఇంటికి వెళ్ళి తలుపు వేసుకోవాలని మాత్రమే ఉంది.

ఇంకో నిజం కూడా రాస్తాను, ఎలాగూ ఎవరూ చదవరు. ఓడిపోయామని విన్న క్షణంలో, ఇక ఈయనకి మంచి ఫిల్టర్లు వస్తాయన్న ఆలోచన వచ్చింది. ప్రాణం తేలికపడింది. ఆ తేలికని చూసి నాకు నా మీదే అసహ్యం వేసింది.

నమోదు 74

ఒత్తిడి తక్కువ. పట్టణ సభ.

షాహిదా కొత్త టెండరుకి షరతు రాసి తెచ్చింది. మనిషి నోరు తగిలిన ఫిల్టర్ కొనబడదు. అంతే. ఏ దేశమూ లేదు, ఏ కంపెనీ పేరూ లేదు. సరుకు శుభ్రత గురించిన షరతు. కోర్టులో నవ్వులపాలైన ఎంగిలే ఇప్పుడు చట్టం ముందు నిలబడుతుందని చెప్పింది. పేర్రాజుగారు ముసిముసిగా నవ్వారు. కోటమ్మత్త మొదటిసారి తల పైకెత్తి కూర్చుంది. చేతులు లేవబోతున్నాయి, నాదీ లేవబోతోంది.

సభ్యుడు కాకపోయినా మా ఆయన లేచి నిలబడ్డారు. పట్టణ సభలో ఎవరైనా మాట్లాడవచ్చు, కానీ ఎవరూ మాట్లాడరు.

"ఎంగిలి అంటే ఏం చేస్తారు వాళ్ళు? నోటికీ ఫిల్టర్‌కీ మధ్య ఓ పల్చటి గుడ్డ వేస్తారు. మరక పోద్ది. మనిషి మాత్రం ఆ గదిలోనే ఉంటాడు." దగ్గు ఆగేదాకా ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఇంకోటి కూడా. నేను సొరంగంలో ముందు పీల్చిన గాలిని మీరంతా ఇప్పుడు పీలుస్తున్నారు. నా ఊపిరి కూడా ఎంగిలేనా?"

కోటమ్మత్త కళ్ళు తుడుచుకుంది. చెయ్యి దించేసింది.

పేర్రాజుగారు తన ముందున్న నీళ్ళ చెంబు అందుకున్నారు. అలవాటుగా తిప్పి, దాని మీద చెక్కిన పేరు చదివారు. మొదటి ఓడలో మనిషికి ఒక్క గిన్నే తెచ్చుకోనిచ్చారు. పెళ్ళిళ్ళకి పెట్టిన గిన్నెల మీద ఎవరి పేరో చెక్కి ఉండేది. అప్పట్నుంచి కొత్త కోరంగిలో ఒక పద్ధతి ఉంది. చెంబు అందుకున్నవాళ్ళు దాని మీద పేరు చదివి, ఎవరు అని అడగాలి. ఇచ్చినవాళ్ళు చెప్పాలి. తెలియకపోతే తెలుసుకుని చెప్పాలి. అడగకుండా తాగేస్తే పొగరు అనుకుంటారు.

"ఎవరీ సుబ్బాయమ్మ?" అన్నారు పేర్రాజుగారు, నీళ్ళు తాగే ముందు, ఏమీ ఆలోచించకుండానే.

ఆ చెంబు మా ఇంటిదే, జవాబు నేను చెప్పాలి. మా మేనత్త గారి అత్త అని చెబుతూ చెబుతూ ఆగిపోయాను. లేచి నిలబడ్డాను.

ఎంగిలి షరతు తీసేద్దాం అన్నాను. ఏ ఫిల్టర్ అయినా సరే, ఎవరు అమ్మినా సరే, దాన్ని పరీక్షించిన మనిషి పేరు దాని మీద చెక్కి ఉండాలి. చెంబు మీద ఉన్నట్టు. యంత్రం పరీక్షిస్తే యంత్రమని చెక్కాలి. అది సరుకు మీద ఏముండాలో అడగడమే కదా?

తప్పుడు పేర్లు చెక్కితే ఏం చేస్తామని పేర్రాజుగారు అడిగారు. అప్పుడు షాహిదా మొహం వెలిగింది. సరుకు మీద అబద్ధం రాసి అమ్మితే అది మన ఊళ్ళో జరిగిన మోసం, దాన్ని విచారించడానికి మన కోర్టే చాలు, సమాఖ్యని అడగక్కర్లేదు అంది.

అన్ని చేతులూ లేచాయి. కోటమ్మత్తది అందరికంటే పైకి.

నమోదు 119

శ్వేతశ్వాసే టెండరు గెలిచింది. పేరే కదా, చెక్కడానికి ఎంత ఖర్చని అనుకుని ఉంటారు. మొదటి పెట్టె దిగింది. వంతు మాది.

ప్రతి ఫిల్టర్ చట్రం మీదా ఒకే పేరు. మిరియం టోగ్. సన్నటి అక్షరాలు, యంత్రం చెక్కినవి. మూల మీద ఆ గోధుమరంగు ముద్ర అలాగే ఉంది. మా ఆయన వేలితో పేరు తడిమి, గట్టిగా చదివి, ఎవరు అని అడిగారు. నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఈ ఊళ్ళో ఆ మాట చెప్పడం ఎంత నామర్దానో బయటివాళ్ళకి అర్థం కాదు.

బిగించాను. చేతులు మొరాయించాయి, అయినా బిగించాను. ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఊరికే గాలి పీల్చారు.

"నాకంటే ముందు ఆవిడ దగ్గింది తాయారూ," అన్నారు. "నా వంతు కూడా ఆవిడే దగ్గేసింది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఊపిరికి సంతోషం, ఆ పేరుకి దుఃఖం, రెండూ ఒకేసారి వచ్చి పడితే ఏం చెయ్యాలో తెలియలేదు.

నమోదు 120

కంపెనీకి రాశాం. కొనుగోలుదారులుగా మీ సరుకు మీద ఉన్న పేరు గురించి అడుగుతున్నాం, మిరియం టోగ్ ఎవరు అని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయనివ్వలేదు షాహిదా.

జవాబు వచ్చింది. మిరియం టోగ్ మా సీనియర్ పరీక్షకురాలు, ఆరోగ్యంగా, సంతోషంగా ఉంది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.

పేరు గల మనిషి ఒకతె ఉందని వాళ్ళే రాసి ఇచ్చారు. అది మాత్రం చాలా పెద్ద మాట అని షాహిదా ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచింది.

నమోదు 163

ఒత్తిడి మామూలు. దుమ్ము తక్కువ. వంతు కోటమ్మత్త ఇంటిది.

మూడో పెట్టె. మా ఆయన కూడా సాయం వచ్చారు. ఇప్పుడు షెడ్డు దాకా ఆగకుండా నడవగలుగుతున్నారు. ముందు వరుసలన్నీ మిరియం టోగ్. కోటమ్మత్త పేరు చదువుతూ ఒక్కొక్కటే తీసి ఇస్తోంది, ఆయన అందుకుంటున్నారు. పెట్టె సగానికి వచ్చాక ఆవిడ ఆగింది.

తర్వాతి వరుస మీద పేరు వేరు. ఆనో రిడ్జ్. చివరి దాకా అదే.

మధ్యలో ఎందుకు మారిందని కోటమ్మత్త అడిగింది. బదిలీ అయిందేమో, సెలవేమో అని నేనేదో అన్నాను. మా ఆయన మిరియం టోగ్ అని ఉన్న ఆఖరి ఫిల్టర్ తీసుకుని దీపం కిందికి వెళ్ళారు. దాని మీద పెదవుల ముద్ర ఉండాల్సిన చోట ముద్ర లేదు. చెదిరిన మరక ఉంది, దగ్గు తుంపరలు పడ్డట్టు.

"ఇది పనికిరాదని తీసెయ్యాలి కదా," అన్నారు. "దగ్గితే పీల్చినవాళ్ళే పక్కన పెట్టేస్తారు. పక్కన పెట్టే మనిషి లేక వచ్చేసింది."

ఆయన దాన్ని బిగించనివ్వలేదు. ఇంటికి తెచ్చుకున్నాం. చెంబు పక్కన అలమరలో పెట్టాం.

నమోదు 164

మళ్ళీ రాశాం. మీ సీనియర్ పరీక్షకురాలు మిరియం టోగ్ పేరు సరుకు మధ్యలో ఆగిపోయింది. ఆవిడ ఇప్పుడు ఎక్కడ ఉంది?

కోటమ్మత్త ఊరుకోలేదు. తన ఇంటి పేరు మీద విడిగా ఇంకోటి రాయించింది. గాలి వంతు చేసిన ప్రతి ఇల్లూ ఆ పేరు చదివింది కాబట్టి ప్రతి ఇల్లూ అడగాలంది. సాయంత్రానికి ఊరంతా రాసింది. అదే టెండరు షరతు పెట్టుకున్న మిగతా ఊళ్ళకి కూడా షాహిదా కబురు పంపింది. వాళ్ళ పెట్టెల్లోనూ పేరు అక్కడే మారిందట.

అగస్త్యగారు ఫోన్ చేశారు. ఇది వేధింపు అని మర్యాదగా అన్నారు. కొనేవాళ్ళు సరుకు మీద రాసింది చదివి అడుగుతున్నారండి, ఇందులో విదేశాంగ విధానం ఎక్కడుందో చూపించండి అంది షాహిదా. ఆయన ఫోన్ పెట్టేశారు.

నమోదు 190

ఒత్తిడి మామూలు. దుమ్ము తక్కువ. వంతు మాది. ఆనో రిడ్జ్ పేరు గల ఫిల్టర్లు బిగించాం. ఈయన పొద్దున లేచాక దగ్గలేదు.

జవాబు రాలేదు. మళ్ళీ అడిగాం.